ప్రస్థానం సంచి

కొండాపూర్,
17-8-1999.

నాన్నకు,

మీ పుణ్యవతి దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ బాగున్నామనే రాయాలి. బాగానే ఉన్నాం కూడా. కాని నాలుగు రోజులుగా నా బుర్ర చిక్కుపడిన దారపుండలా ఉంది. మీకు రాస్తే ఒక కొసైనా దొరుకుతుందేమోనని కాగితం ముందు కూర్చున్నాను.

బావకు బొంబాయిలో పని పడింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్నారట. జనవరి వస్తే అవి వందేళ్లు వెనక్కి పోయామనుకుంటాయట. ఒక బ్యాంకులో దాన్ని సరిచేయడానికి బావనూ ఇంకో ముగ్గురినీ వచ్చే ఉగాది దాకా అక్కడే ఉండమన్నారు. ప్రయాణం ఈ నెల ఇరవై ఏడున, శుక్రవారం సాయంత్రం. ఆ కబురు తెచ్చిన రోజు బావ చెప్పులు విప్పుతూనే, "వస్తావా, ఊరికి వెళ్తావా? నీ ఇష్టం" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను. పెళ్లయ్యాక బావను నువ్వు అనకూడదని అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నా నోటికి ఎక్కువగా వచ్చే మాట అదే. బావ తువ్వాలు అందుకున్నారు. "సరే, ఊరికే వెళ్లు. అక్కడైతే నీకు బాగుంటుంది" అని స్నానానికి వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రానికి తెనాలికి నా టికెట్ వచ్చేసింది. అదీ శుక్రవారానికే. ఆయన పడమటికి, నేను తూర్పుకి.

ఇక సర్దడం సంగతి. బావ ఆఫీసులో ప్రవీణగారని ఉన్నారు. కాకినాడ వాళ్లు, మా వీధి చివర కొత్త అపార్ట్‌మెంటులో ఉంటారు. ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లి వచ్చినప్పుడు ఆరు గుడ్డ సంచులు తెచ్చుకున్నారట. అవి మాకిచ్చారు. సంచి అంటే చేతికి తగిలించుకునేది కాదు నాన్నా. పెట్టెలోపల పెట్టుకునేవి, చుట్టూ జిప్పు, ఇటుకలా నలుచదరంగా ఉంటాయి. రెండు పెద్దవి, రెండు మధ్యరకం, రెండు చిన్నవి. అన్నీ ఒకటే ముదురు నీలం. క్యూబులంటారట.

"పెట్టెలో ఒక్క బనీను కోసం మగాళ్లు మొత్తం తవ్విపోస్తారు పుణ్యా. ఇవైతే కావలసిన సంచి ఒక్కటి లాక్కుంటే చాలు" అన్నారు ప్రవీణగారు. "ముందు ఏ సంచిలో ఏముండాలో నువ్వు తేల్చుకో తల్లీ. ఆ తర్వాతే చెయ్యి పెట్టు."

ఆ తేల్చుకోవడమే నాకు రాలేదు. మొదట రోజుకో సంచి అనుకున్నాను, సోమవారం చొక్కా ప్యాంటూ అన్నీ ఒకచోట ఉంటాయని. ఆరు రోజులకు ఆరు సంచులూ అయిపోయాయి, మిగతా బట్టలు మంచం మీదే ఉండిపోయాయి. తర్వాత రకానికో సంచి. పెద్దవి రెండూ చొక్కాలతో, ప్యాంట్లతో కుక్కి పక్కపక్కన పెడితే పెట్టె మూతపడలేదు. నేను పెట్టె మీద కూర్చున్నాను, అయినా పడలేదు. ప్రవీణగారు వచ్చి నవ్వి దగ్గరుండి చూపించారు. పెద్ద సంచి ఒక్కటే అడుగున పరవాలి. మధ్యరకం వాటిని దాని మీద పుస్తకాల్లా నిలబెట్టాలి. చొక్కాలు మడతే పెట్టాలి, బనీన్లూ తువ్వాళ్లూ చాపలా చుట్టాలి. రెండు వేళ్లతో లాగితే జిప్పు పడాలి. అంతకన్నా బిగుసుకుంటే ఎక్కువ కుక్కినట్టు. విడిచిన బట్టల కోసం ఒక చిన్న సంచి ఖాళీగా వదిలేయాలి. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఖాళీ సంచి ఒకటి వెంట తీసుకెళ్లడం మొదట వింతగా అనిపించింది. కాని ఆలోచిస్తే అదే అన్నిటికన్నా తెలివైన సంచి.

"ఇందులో ఒకటి నువ్వు వాడుకో, ఊరికి వెళ్తున్నావుగా" అన్నారావిడ. మధ్యరకంలో ఒకటి తీసుకుని నా చీరలు నాలుగు పెట్టాను. దాని జోడులో బావ లుంగీలూ పైజామాలూ ఉన్నాయి. నా చేతిసంచి తెచ్చేదాకా రెండూ ఆ పెట్టెలోనే ఉంటాయి.

నేను రాయదలచిన అసలు విషయం ఇది. శుక్రవారం పడమటికి శూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదంటారు కదా. ఆఫీసు వాళ్లకు శూల గురించి చెప్పలేం. అందుకని పంచాంగంలో ముందుగా మంచి గడియ చూసి మీరు రాస్తే, బావ సంచి ఒకటి ఆ దిక్కున ఇంకొకరింట్లో ఉంచి ఆయన తరఫున ప్రస్థానం పెడతాను. మా ఇంటావిడ లచ్చమ్మగారికి చెప్పాను. వాళ్ల చెల్లెలు నర్సమ్మగారి ఇల్లు ఇక్కడికి పడమరనే ఉంది, మసీదుబండ దారిలో. అక్కడ పెట్టుకోమన్నారు. బావకు చెబితే లుంగీల సంచి పెట్టమన్నారు.

ఇంకో మాట కూడా రాయాలనుకున్నాను. రాయడం లేదు.

మీ
పుణ్యవతి


కొండాపూర్,
23-8-1999, సోమవారం.

నాన్నకు,

ఈ ఉత్తరం మీరొక్కరే చదువుకోండి. అమ్మకు పైకి చదివి వినిపించవద్దు. స్పీడు పోస్టులో వేస్తున్నాను కనుక బుధవారానికి అందుతుందన్నారు. నా వల్ల ఒక తప్పు జరిగింది. తప్పో కాదో కూడా మీరే చెప్పాలి.

మీరు రాసినట్టే ఈ ఉదయం తొమ్మిదింబావు దాటాక, బావ ఆఫీసుకు వెళ్లిపోయాక, తలస్నానం చేసి పెట్టె తెరిచి లుంగీల సంచి తీశాను. దానికి పసుపూ కుంకుమా పెట్టి లచ్చమ్మగారితో బయల్దేరాను. దారిలో ఆవిడ సంచిని ఎగాదిగా చూసి, "ఏందమ్మా, గింత సంచితోని బొంబై పోతడా మీ సారు?" అంది.

"ఇది ముందుగా వెళ్లే సంచండీ. మనిషి తర్వాత వెళ్తారు."

"మంచిగుంది. మనిషికన్న ముందుగాల లుంగీలు పయనమైతున్నయన్నట్టు" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నర్సమ్మగారు దేవుడి పటాల కింద పీట వేసి సంచి దాని మీద పెట్టించారు. శుక్రవారం బస్తీ దాటేటప్పుడు వచ్చి తీసుకుంటామని చెప్పి ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం బావ పెట్టెలో కందిపొడి డబ్బా పెడదామని మూత తీశాను. మధ్యరకం సంచి ఒకటి ఉంది. జిప్పు తీస్తే లుంగీలు. నర్సమ్మగారింట్లో ఉన్నది నా చీరల సంచి, నాన్నా.

లుంగీల సంచి పట్టుకుని ఒక్కదాన్నే మసీదుబండ దారిలో పరుగులాంటి నడకతో వెళ్లాను. ఇది అక్కడ పెట్టి, అది ఇచ్చేయమని అడిగాను. నర్సమ్మగారు తలుపుకు అడ్డంగా నిలబడి ఒప్పుకోలేదు.

"ఏ, గట్లెట్ల మారుస్తరు? పొద్దున నీ చేతులతోని పెట్టినవ్. దేవుని తాన పెట్టినంక గది సంచి కాదు, మనిషి లెక్క. మర్ల ఇంటికి తీస్కపోతే పయనం ఆగిపోతది."

"కాని అది నా సంచండీ. బొంబాయి వెళ్లేది ఆయన."

"మరి నువ్వు యాడికి పోతున్నవ్?"

"మా ఊరికి. అటు, తూర్పుకి."

"సంచేమో పడమరకు, నువ్వేమో తూర్పుకా? జర మీ నాయిననే అడుగు బిడ్డా. గిది నాకు తెల్వది. నేనైతే ఇయ్య" అని మంచినీళ్లిచ్చి పంపించేసింది.

ఇప్పుడు నేను అడిగేది ఇది. బావకు ప్రస్థానం పెట్టనట్టేనా? నాకు పెట్టినట్టా? పెట్టిన అయిదు రోజుల్లోపు ఆ దిక్కుకు బయల్దేరాలని మీరే అంటారు కదా. ఇంకెవరి సంచో పెడితే శూల బావకు తగులుతుందా? నేను తూర్పుకు రైలెక్కితే నాకు తగులుతుందా? ఇవన్నీ అడుగుతున్నాను కాని, నన్ను తినేస్తున్న ప్రశ్న వేరే ఉంది. నా చీరల్లో రెండు మంగళగిరివి, గంజి పెట్టినవి. చేత్తో పట్టుకుంటే బిరుసుగా తెలుస్తాయి. లుంగీలు మెత్తనివి. జిప్పు తీయకుండానే ఏది ఏదో పసిపిల్లకైనా తెలుస్తుంది. పెట్టె సర్దింది నేను. విప్పింది నేను. పది రోజుల్లో ఆ సంచులను నలభైసార్లు పట్టుకున్నాను. మరి ఈ ఉదయం నాకెందుకు తెలియలేదు? తెలియలేదా, తెలిసీ తీశానా? ఎంత ఆలోచించినా ఆ క్షణం నాకు గుర్తుకు రావడం లేదు. కుంకుమ పెట్టడం గుర్తుంది, దానికి ముందు సంచి అందుకోవడం గుర్తు లేదు.

పోయిన ఉత్తరంలో రాయకుండా వదిలేసిన మాట ఇప్పుడు రాస్తాను. జూన్ నెలలో బావ ఆఫీసులో కుటుంబాలను భోజనానికి పిలిచారు, కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో. పెద్ద ఆఫీసరు భార్య నన్ను ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాకు అర్థం కాక బావ వైపు చూశాను. బావ నవ్వుతూ ఆవిడకేదో చెప్పారు. ఆవిడ "వెరీ గుడ్" అంది. తిరిగొచ్చేటప్పుడు ఏమన్నారని అడిగితే, "ఎంత చదివావని అడిగింది. ప్రైవేటుగా బి.ఏ. కడుతోందని చెప్పాను. ఊరికే అన్నాలే" అన్నారు. అప్పుడు నేనూ నవ్వాను. హైస్కూలు పక్క ఊళ్లో ఉందని మీరు ఏడో తరగతితో ఆపేసినప్పుడు కూడా నాకింత చిన్నతనం అనిపించలేదు. మీ మీద కోపం లేదు నాన్నా. అప్పుడు నేను చదువుకోలేదు, అంతే. ఇప్పుడు చదువుకోని దాన్ని దాచిపెట్టారు.

ఆ బి.ఏ. అంతటితో పోలేదు. ఆ పక్కనే ఉన్న ప్రవీణగారు విని, వాళ్ల చెల్లెలి పుస్తకాలు మూడు తెచ్చిచ్చారు. రాజకీయశాస్త్రమట. అవి అలమరలో ఉన్నాయి. కనిపించినప్పుడల్లా "చదువు ఎలా సాగుతోంది పుణ్యా?" అంటారు. తల ఊపుతాను. ఎనిమిదో తరగతి పుస్తకమే నేను పట్టుకోలేదు. బావ ఒక్కసారి అబద్ధమాడి మర్చిపోయారు. దాన్ని రోజూ మోస్తున్నది నేను.

అందుకే బావ వస్తావా అన్నప్పుడు మీ ఇష్టం అని తప్పించుకున్నాను. వెళ్తే అక్కడ ఎంతమందికి బి.ఏ. కావాలో. వెళ్లనంటే బావ ఊపిరి పీల్చుకుంటారేమో. అది కళ్లారా చూడటం నావల్ల కాదు. "అక్కడైతే నీకు బాగుంటుంది" అన్నారు కదా, ఆ బాగుండేది నాకా, ఆయనకా? మీకు తెలిస్తే చెప్పండి. బావకు సంచి సంగతి ఇంకా చెప్పలేదు.

మీ
పుణ్యవతి


చెంబూరు, బొంబాయి,
1-9-1999.

నాన్నకు,

చిరునామా చూసి అమ్మ గాభరా పడుతుందేమో. ముందుగా క్షేమమని చెప్పండి, తర్వాత చదవండి. ఈ ఉత్తరం అమ్మకు పైకే చదవవచ్చు.

బుధవారం మీరు లచ్చమ్మగారింటికి ఫోను చేసి, "సంచి సంగతి తర్వాత చూద్దాం, నీకు ఎటు వెళ్లాలని ఉందో చెప్పమ్మా" అన్నారు. లచ్చమ్మగారు బియ్యం ఏరుతూ చెవి ఇటే వేసి ఉన్నారు. "నాతో చెప్పలేకపోతే మీ బావతో చెప్పు. పంచాంగంలో దీనికి పేజీ లేదు" అని మీరు ఫోను పెట్టేశారు. మీరు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నిజంగా పేజీ లేదా, నా కోసం లేదన్నారా అని సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం బావ లుంగీ కోసం పెట్టె తెరిచారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

"లుంగీల సంచి ఇక్కడే ఉందే. మరి ప్రస్థానం ఏం పెట్టావు?"

"నాది."

"నీదెందుకు?"

"చేతికి అదే వచ్చింది."

బావ లుంగీ అలాగే పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. "నిన్ను రెండుసార్లు అడిగాను పుణ్యా."

"ఒక్కసారే అడిగారు. రెండోసారి చెప్పారు."

ఆ మాట నేనే అన్నానంటే మీరు నమ్మరు. బావ కూడా నమ్మలేనట్టే చూశారు. "రానంటావనుకున్నాను. అక్కడ భాష రాదు. నేను పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే. ఒక్క గదిలో ఏం చేస్తావు?"

"నాకూ తెలియదు. రమ్మంటే భయం, వద్దంటే ఇంకో భయం. ఏది పెద్దదో తెలియడం లేదు. కాని ఒకటి తెలుసు. అక్కడ ఎవరైనా అడిగితే నేను బి.ఏ. కాదు. దానికి ఒప్పుకుంటేనే వస్తాను."

బావ అలమర వైపు చూశారు, ఆ మూడు పుస్తకాల వైపు. అన్నం తిన్నారు. పెరుగు వేయనా అంటే వద్దన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు నా చేతిసంచి తీసి తెనాలి ప్రయాణానికి సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రం బావ వచ్చి మంచం మీద రెండు కాగితాలు పెట్టారు. బొంబాయి బస్సు టికెట్లు, రెండు పక్కపక్క సీట్లు. కంపెనీ ఇచ్చిన రైలు టికెట్టూ, నా తెనాలి టికెట్టూ రద్దు చేయించేశారు. గెస్ట్‌హౌసులో ఆడవాళ్లను ఉండనివ్వరట. అక్కడి స్నేహితుడికి ఫోను చేసి గది చూడమన్నారట. బి.ఏ. గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఒప్పుకున్నట్టా, వినిపించుకోనట్టా? అడిగితే టికెట్లు మాయమైపోతాయేమోనని అడగలేదు.

పెట్టె మొత్తం విప్పి మళ్లీ సర్దాను. మొదట బావకు మూడు, నాకు మూడు అని పంచాను. అది కుదరలేదు. ఎవరి బట్టలు వాళ్లవని సర్దితే, దిగిన వెంటనే స్నానానికి కావలసినవి తీయడానికి అన్ని సంచులూ విప్పాల్సి వస్తుంది. అందుకని దిగిన రోజుకు కావలసినవి ఇద్దరివీ ఒకే సంచిలో పెట్టాను. బావ లుంగీ, నా నూలు చీర, తువ్వాళ్లు, సబ్బు, దువ్వెన. అది అన్నిటికన్నా పైన. ప్రవీణగారు చూసి, "నాకిది తట్టలేదు పుణ్యా" అన్నారు. ఆ పుస్తకాలు మూడూ ఆవిడ చేతికిచ్చాను. "అయిపోయాయా?" అన్నారు. "మొదలే పెట్టలేదండీ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా తీసుకున్నారు. అడిగితే చెప్పేసేదాన్ని.

శుక్రవారం ఆటో నర్సమ్మగారింటి ముందు ఆపి నా సంచి తీసుకున్నాను. "ఇగ నీ దిక్కు నీకు దొరికిందా?" అందావిడ. బావ పక్కనే ఉన్నారని సిగ్గుపడి తల దించుకున్నాను. బావ శూలకు ఏమవుతుందో నాకిప్పటికీ తెలియదు. నా సంచి వెనకాల ఆయన వచ్చారు కనుక సరిపోయిందేమో. అది మీరే తేల్చాలి.

బస్సు జహీరాబాదు దాటాక బావ కిటికీలోంచి చూస్తూనే, "నేను ఆఫీసులో మాది తెనాలి టౌను అని చెప్పుకున్నాను" అన్నారు.

"మన ఊరు అనలేదా?"

"అదెక్కడ అని అడుగుతారు. బస్సెక్కడ దిగాలి, అక్కడినుంచి ఎంత దూరం నడవాలి అంటారు. చేరిన మొదటి రోజే అనేశాను. ఇక మార్చుకోలేకపోయాను."

"ఇంకా ఏమేం చెప్పారు?"

"మామయ్య కాలేజీలో లెక్చరరు."

నాన్నా, మీకు తెలియడం మంచిది. కొండాపూర్‌లో మీరు లెక్చరరు. నాకు నవ్వాగలేదు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. బావ కూడా నవ్వారు కాని చెవులు ఎర్రబడ్డాయి. నన్నొక్కదాన్నే దాచారనుకున్నాను. తన ఊరినీ, మిమ్మల్నీ, తననూ కూడా దాచుకుని తిరుగుతున్నారు. దానికి జాలిపడాలో కోపగించాలో తెలియక, పులిహోర పొట్లం విప్పి చేతిలో పెట్టాను.

ఇక్కడ మాకు దొరికింది ఒక గది. వరసగా ఎనిమిది గదులు, ముందు ఒక్కటే పొడుగు వసారా. నీళ్లు పొద్దున ఒక గంట వస్తాయి. వానకు బట్టలు ఆరవు. పక్కగదిలో ఒక మరాఠీ ఆవిడ ఉంది, అమ్మ వయసు. ఆదివారం నీళ్ల దగ్గర నన్ను ఆపి గలగలా ఏదో అడిగింది. నేను తెల్లబోయి చూస్తుంటే బావ బనీనుతోనే బయటికి వచ్చారు. ఆవిడ ఆయనను హిందీలో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాను.

"పేరు అడిగింది, చెప్పాను. పిల్లలా అంది, ఇంకా లేరన్నాను." బావ ఆగారు. "నువ్వెంత చదివావని."

ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచి, నా వైపు చూశారు. ఆయన నోట్లో ఉన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు కూడా. బిందె కింద పెట్టి, చీర కుచ్చిళ్లకు చేతులు తుడుచుకుని, ఆవిడ ముందు ఏడు వేళ్లు చూపించాను.

ఆవిడ నా వేళ్లను ఒక్కొక్కటే చూసింది. తర్వాత తన బకెట్టు కూడా కింద పెట్టి, నాలుగు వేళ్లు చూపించింది.

మీ కూతురు,
పుణ్యవతి,
ఏడో తరగతి